పజవంతాంగలా?

చెన్నై వచ్చి ఆరేళ్లయింది. ఫోన్ మ్యాప్‌లో దారి చెప్పే ఆవిడ మాత్రం ఇక్కడి పళవంతాంగల్ అనే పేటని ఇప్పటికీ ‘పజవంతాంగల్’ అనే అంటుంది. ఇంగ్లీషులో జెడ్ పక్కన హెచ్ పెట్టింది జ కోసం కాదు తల్లీ, నాలుక వెనక్కి మడిచి పలికే తమిళ అక్షరం ‘ఴ’ కోసం! వాళ్ల ‘కోఴి’, ‘ఏఴు’ మనకు కోడి, ఏడు. నోరు తిరక్కపోతే మనం ళ అని సర్దుకుంటాం, ఆటో అన్న నవ్వినా ఎక్కించుకుంటాడు.

పోనీ, నేను చెబితే విని టైపు చేసే ఫోన్‌కి తెలుగైనా సరిగ్గా వినబడుతుందా? ‘గుడ్డు తేవాలి’ అంటే ‘గూడు తేవాలి’ అని రాసుకుంది. ఒత్తుకీ దీర్ఘానికీ తేడా తెలీని చెవి! నిన్న ‘మెడ నొప్పి’ని ‘మేడ నొప్పి’ చేసింది. చూసుకోకుండా మా అత్తకి పంపేశాను. ఏ అంతస్తులో అని అడుగుతోంది.