ఉత్త ఎమ్మెల్యేనే కదా!

మన సంఘం డిసెంబరులో చేసిన సేవా కార్యక్రమాల ఫొటోలు మీరంతా చూసే ఉంటారు. శాలువాలు, జ్యోతి ప్రజ్వలన, కుట్టుమిషన్లు. ఫొటోల్లో పడనిది ఒకటుంది.

శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె హైస్కూల్లో మన కంటి శిబిరం. తొమ్మిదింటికని కరపత్రంలో వేశాం. ఏడున్నరకే ముసలివాళ్లు వచ్చి వేపచెట్టు కింద చేరారు. తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా ఎమ్మెల్యే గారు వచ్చారు. ఒకప్పుడు మంత్రిగా చేసినాయన. ఇప్పుడు వెనక ఒక్క కారు కూడా లేదు. ముఖ్య అతిథి మంత్రిగారేమో ఇంకా దారిలోనే ఉన్నారు. ఈయన్ని హెడ్మాస్టరు గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చాం. పదయింది, పదకొండయింది. "ఈయన చేత మొదలుపెట్టించేద్దామా?" అని డాక్టరు అడిగితే మా కమిటీలో ఒకరు, "ఉత్త ఎమ్మెల్యేనే కదా, ఆగుతార్లెండి" అన్నారు. గది తలుపు తెరిచే ఉంది.

విన్నారో లేదో, ఆయన లేచొచ్చి చెట్టు కింద ముసలమ్మల పక్కన బెంచీ మీద కూర్చున్నారు. ఒకావిడ నన్ను పట్టుకుని, "ఏటి బావూ, నా కళ్లు సూడ్డానికి మంత్రెందుకు? డాట్రు సాలడా?" అంది. ఏం చెప్పను? పొద్దుట్నుంచి మంత్రిగారి పీఏకి పదిసార్లు ఫోన్ చేసింది నేనే. మంత్రిగారు పన్నెండున్నరకి వచ్చి పావుగంట ఉన్నారు. అప్పటికే చాలామంది చీటీలు చేత్తో పట్టుకుని వెళ్లిపోయారు.

ఆ 'ఉత్త ఎమ్మెల్యే' మాట వింటే మా తాత గుర్తొచ్చారు. అదే జిల్లా బారువలో ఆయన అరుగు మీద సర్దార్ అంటే పటేల్ కాదు, గౌతు లచ్చన్న. 1909లో ఆ ఊళ్లోనే కల్లుగీత కుటుంబంలో పుట్టినాయన. గీత కార్మికుల కోసం మద్యనిషేధానికి వ్యతిరేకంగా సత్యాగ్రహం చేశారు. 1954లో ఆంధ్ర ముఖ్యమంత్రి ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది ఆ గొడవలోనే. తర్వాత బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో లచ్చన్న మంత్రి అయ్యారు. అయితే ఏ శాఖ చూశారని అడిగితే తాత తల గోక్కునేవారు. సోంపేట ఎమ్మెల్యేగా ఎవరి పక్షాన మాట్లాడారో మాత్రం గంటసేపు చెప్పేవారు. 1967లో గెలిచిన శ్రీకాకుళం లోక్‌సభ సీటును రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారి కోసం వదులుకున్న మనిషి. 1978 తర్వాత అసెంబ్లీలో ప్రతిపక్ష నాయకుడు. తోటపల్లి బ్యారేజీకి ఇప్పుడు ఆయన పేరే.

మంత్రి వస్తే కలెక్టరు వస్తారు, ఆగిన ఫైలు కదులుతుంది, కాదనను. పెద్దవాళ్లు వచ్చేదాకా ఆగడం మన మర్యాదే. కానీ మా అమ్మ లెక్కలో మర్యాదంటే ఎండన పడి వచ్చినవాళ్లకి ముందు చెంబుడు నీళ్లు, కుర్చీ తర్వాత. ఈ కుర్చీల పిచ్చి ఊరివాళ్లదని సరిపెట్టుకోవడానికీ లేదు. మన సంక్రాంతి సంబరాల్లో ముందు వరస డోనర్లకి, గోడ పక్కన వంటలు వండినవాళ్లకి. చూస్తూనే ఉన్నాం కదా.

కార్యవర్గానికి నా మనవి. వచ్చే డిసెంబరులో కరపత్రం మీద అతిథుల పేర్లు తీసేసి డాక్టర్ల పేర్లు వేయండి. తొమ్మిదంటే తొమ్మిదికే మొదలుపెట్టండి. జ్యోతి ఆ వేళకి ఎవరుంటే వాళ్లు వెలిగిస్తారు. ఎవరూ లేకపోతే నన్నడిగిన ఆ ముసలమ్మ ఉంది. ఆ రోజు చూపించుకోకుండా వెళ్లిపోయినవాళ్ల చీటీ నంబర్లు నా దగ్గరున్నాయి. ముందు వాళ్లని పిలుద్దాం.