ఏమో గారికి కూడా ఒక కుర్చీ

మా ఇళ్లలో సత్యనారాయణ వ్రతం జరిగితే నాస్తికుడికి ఒక కుర్చీ వేస్తారు. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. కానీ పీటల మీద దంపతులు, చాపల మీద చుట్టాలు, వసారాలో కుర్చీలో మా బాబాయి అనే అమరిక నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. అప్పట్లో మడత కుర్చీ, ఇప్పుడు ప్లాస్టిక్‌ది. చేతిలో పేపరు, పక్కన కాఫీ గ్లాసు. దేవుడు లేడన్నది ఆయన మాట. అది అందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు. ఆయన రావడం కాస్త ఆలస్యమైతే పంతులుగారే అడుగుతారు, "బాబాయిగారు ఇంకా రాలేదే?" అని.

నాకు మాత్రం కుర్చీ లేదు. నేను గడపలో నిలబడతాను. దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలియదు, తెలుసుకునే దారి మనిషికి ఉన్నట్టు కూడా కనబడదు. ఈ బాపతు వాళ్లను అజ్ఞేయవాదులు అంటారు. గుర్తింపు లేని వర్గాల గురించి పత్రికల్లో చాలా రాస్తుంటారు. గడపలో నిలబడి నిలబడి పాదాలు తిమ్మిరెక్కిన వర్గం గురించి ఇంతవరకూ ఎవరూ రాసిన పాపాన పోలేదు. అందుకే ఈ వినతిపత్రం.

అసలు పేరుతోనే మొదలైంది మా దరిద్రం. ఒకసారి మా పిన్ని వడపప్పు నానబోస్తుంటే, "పిన్నీ, నేను బాబాయిలా నాస్తికుణ్ణి కాదు, అజ్ఞేయవాదిని" అని చెప్పాను.

"అజ్ఞాతవాసమా? ఎన్నాళ్లురా?" అంది.

అరగంట వివరించాను. ఓపిగ్గా విని, "అంటే తెలీదంటావు. తెలీనోడు ఎవర్నైనా అడగాలి గానీ దానికో వాదం దేనికి?" అంది. ఆ తర్వాత, "గడప తొక్కకు, లోపలికన్నా రా, బయటికన్నా పో" అంది. గడప మీద హిరణ్యకశిపుడికి ఏమైందో నాకూ తెలుసు గనక ఒక అడుగు పక్కకు జరిగాను.

ఇంగ్లీషులో ఈ మాట పుట్టించిన శాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్లీది కూడా కుర్చీ సమస్యే. 1869లో లండన్‌లో పెద్దమనుషుల చర్చా సంఘం ఒకటి మొదలైంది. అందులో ప్రతివాడికీ ఏదో ఒక వాదం ఉంది, ఈయనకే లేదు. తోక తెగిన నక్క మిగతా నక్కల మధ్యకు వెళ్లినట్టు అనిపించిందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. అందుకని సొంతంగా ఒక తోక చేయించుకుని దానికి 'అగ్నాస్టిక్' అని పేరు పెట్టాడు. పాపం, తెలుగు వచ్చుంటే ఇంత అవస్థ ఉండేది కాదు. మనకు 'ఏమో' ఉంది. రెండే అక్షరాలు. పెదవి కాస్త విరిచి అంటే సృష్టి రహస్యం మొదలుకుని మునిసిపల్ నీళ్లు ఎప్పుడొస్తాయన్న దాకా దేనికైనా సరిపోతుంది. హక్స్లీ మాటను తెనిగించిన పండితుడెవరో గానీ, 'ఏమోవాది' అని ఊరుకోక, వినేవాడి చెవిలో సగం 'అజ్ఞాని' అని పడేలా పెట్టాడు.

ఇంగ్లీషువాళ్ల దగ్గరా ఆ మాట పెద్దగా చెల్లలేదు లెండి. మొదటి ప్రపంచ యుద్ధానికి వ్యతిరేకంగా రాసినందుకు 1918లో తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్‌ని లండన్‌లోని బ్రిక్స్టన్ జైలుకు పంపారు. గేటు దగ్గర వార్డరు వివరాలు రాసుకుంటూ మతం ఏమిటని అడిగితే, రస్సెల్ అగ్నాస్టిక్ అన్నాడు. వార్డరు స్పెల్లింగ్ అడిగి రాసుకుని, నిట్టూర్చి, మతాలు ఎన్నున్నా అందరూ కొలిచేది ఆ ఒక్క దేవుణ్ణే కదా అన్నాడట. ఆ మాట తలుచుకుని రస్సెల్ వారం రోజులు ఉల్లాసంగా ఉన్నాడు. నేనైతే కుర్చీ అడిగేవాణ్ణి.

నాస్తికుల సంగతి చూడండి. వాళ్లకు అడ్రసుంది. గోరాగారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని బెజవాడకు తెచ్చారు. మా బాబాయి కుర్రతనంలో అక్కడి సభలకు సైకిలు మీద వెళ్లేవాడు. అంటే లేడన్నవాడికి వెళ్లడానికి ఒక చోటుంది, తెలియదన్నవాడికి లేదు. పైగా వాళ్ల పట్టుదల చూడండి. గోరాగారు ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు, రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లో పుట్టినవాడికి సమరం అని, తొమ్మిదో బిడ్డకి నౌ అని. అదే మా అజ్ఞేయవాదుల ఇంట్లో అయితే రెండు వైపులా వాదనలు విని ఒక పేరు ఖాయం చేసేలోపు పిల్లవాడు టెన్త్ హాల్‌టికెట్‌కి ఫోటో దిగుతుంటాడు.

ఇంకో అన్యాయం. 1940లలో గోరాగారు సేవాగ్రాం వెళ్లి గాంధీగారితో దేవుడి గురించి చర్చించారు. నా ఆస్తికత్వం ఒప్పని గానీ నీ నాస్తికత్వం తప్పని గానీ నేను చెప్పలేను, ఇద్దరం సత్యాన్ని వెతుకుతున్నవాళ్లమే అన్నట్టుగా గాంధీగారు మాట్లాడారని గోరాగారు రాశారు. గమనించారా? ఒక ఆస్తికుడూ ఒక నాస్తికుడూ కూర్చుని, మధ్యలో మావాడెవడూ లేకుండానే, మా మాట అనేసుకుని లేచిపోయారు.

మాకు వంశం లేదనుకోకండి. ఋగ్వేదం పదో మండలంలో నాసదీయ సూక్తం ఉంది. ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసని అడిగి, పైన ఆకాశంలో కూర్చుని దీన్ని చూస్తున్నవాడికే తెలిసుండాలి, లేదా ఆయనకు కూడా తెలియదేమో అని ముగిస్తుంది. ఫైలు ఎక్కడుందో పై అధికారికే తెలియకపోవచ్చు అనగలిగిన గుండె ధైర్యం ఆ ఋషిది. బుద్ధుడి కాలంలో సంజయ బేలట్ఠిపుత్తుడనే గురువు ఉండేవాడు. ఏది అడిగినా అవుననడు, కాదనడు, అవునూ కాదూ అనడు. జారిపోయే చేప బాపతని బౌద్ధులు ఎగతాళి చేశారు. చివరికి ఆయన శిష్యులే, సారిపుత్తుడూ మొగ్గల్లానుడూ, బుద్ధుడి దగ్గరికి వెళ్లిపోయారు. ఏమో అనే గురువు దగ్గర ఎన్నాళ్లని ఉంటారు?

మొన్న మా తమ్ముడి పెళ్లి వ్రతంలో ఈ చరిత్రంతా బాబాయి ముందు పెట్టాను. లోపల నాలుగో కథ నడుస్తోంది. కళావతి ప్రసాదం తినకుండా మొగుణ్ణి చూడ్డానికి రేవుకి పరుగెత్తితే పడవతో సహా మొగుడు మాయమయ్యే ఘట్టం. అక్కడికి రాగానే పంతులుగారు గొంతు పెంచి వసారా వైపు ఒక చూపు చూస్తారు. బాబాయి పేపరు మీంచి చూసి చిన్నగా తలాడిస్తాడు. నలభై ఏళ్ల ఒప్పందం. గడపలో ఉన్న నా మీదుగానే ఆ చూపు వెళ్లింది, వచ్చింది.

"పోతన గజేంద్రుడు మావాడే బాబాయ్" అన్నాను. "'కలడు కలండనెడివాడు కలడో లేడో' అన్నాడా లేదా?"

"అన్నాడు. అని ఏం చేశాడు?"

"పిలిచాడు."

"మరి నువ్వు పిలుస్తున్నావా?"

నేను మాట్లాడలేదు. ఆయన పేపరు మడిచాడు.

"నువ్వు బెజవాడ వెళ్లాలన్నావు. ఎనిమిదిన్నర బస్సు ఉందా?"

"తెలీదు. ఉందని కొందరు, ఆపేశారని కొందరు."

"సరే, తెలీదు. పెట్టె సర్దుకున్నావా?"

"ఏమో, ఇంకా..."

"అదీ నీ తికమక. బస్సు ఉందా లేదా అన్నదానికి తెలీదనొచ్చు. నాకూ తెలీదు. దేవుడు లేడని రుజువు చూపించమంటే నా దగ్గరేముందిరా, పేపరు తప్ప? కానీ నేను పెట్టె సర్దలేదు. మీ పిన్నికీ తెలీదు, అడిగి చూడు. ఆవిడ సర్దుకుని, తాళం వేసి, స్టాపులో నిలబడింది. తెలియడం వేరు, నమ్మడం వేరు. తెలుసా అంటే తెలీదనొచ్చు. సర్దావా అంటే తెలీదంటే ఎలాగ? సర్దలేదంటే సర్దనట్టే."

రస్సెల్ కూడా 1947లో ఇంచుమించు ఇదే చెప్పాడు. తత్వవేత్తల ముందైతే తాను అజ్ఞేయవాదినంటాడట, వీధిలో మామూలు మనిషి అడిగితే నాస్తికుణ్ణంటాడట. అంటే ఆయన అక్కడ ఒక కుర్చీ, ఇక్కడ ఒక కుర్చీ వేయించుకున్నాడు. ఈ సౌకర్యం నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

పిన్నిని అడిగాను కూడా. "దేవుడున్నాడని నీకు తెలుసా?" అని. "నాకెలా తెలుస్తుందిరా, నేనేమన్నా చూశానా?" అంది, హారతి పళ్లెంలో కర్పూరం పెడుతూ.

అంటే మా సిద్ధాంతం పీట మీదా ఉంది, కుర్చీలోనూ ఉంది. దాన్ని పేరుగా పెట్టుకున్న నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను. 2011 జనాభా లెక్కల్లో మతం చెప్పనివాళ్లని దాదాపు 28.7 లక్షల మందిని ఒక గడిలో వేశారు. అందులో లేడన్నవాళ్లు ఎందరో, చెప్పనన్నవాళ్లు ఎందరో, నాలాగా ఎన్యూమరేటర్‌ని ఎండలో నిలబెట్టి తేడా వివరించబోయినవాళ్లు ఎందరో.

అయిదో కొబ్బరికాయ కొట్టారు. పిన్ని విస్తరాకు ముక్కలో ప్రసాదం తెచ్చింది. ఎర్రనూక, నెయ్యి, అరటిపండు, వేడి ఇంకా పోలేదు. బాబాయి అప్పటికే రెండోసారి పెట్టించుకున్నాడు. రవ్వకి మతం లేదని ఆయన పాత సిద్ధాంతం.

"తింటావా తినవా? చెయ్యి కాలుతోంది" అంది పిన్ని.

"తెలీదు పిన్నీ, కొంచెం పెట్టు."

బయట రోడ్డు మీద హారన్ వినబడింది. బస్సో, లారీయో. బాబాయి నా పెట్టె వైపు చూశాడు. అది తెరిచే ఉంది, సగం బట్టలు లోపల, సగం మంచం మీద.