112వ పేజీలో కాపురం పెట్టిన బస్ టికెట్‌కి

చిరంజీవి బస్ టికెట్‌కి ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు అక్కడ 112వ పేజీలో క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఉభయకుశలోపరి. వ్రాయునది ఏమనగా, నువ్వు కదలడం లేదు.

సంక్రాంతికి ముందు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లూ రష్యన్లూ తలపడ్డ స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం గురించిన ఈ పుస్తకం కొన్నాను. ఆరువందల చిల్లర పేజీలు. ఒక చేత్తో ఎత్తితే మణికట్టు నొప్పి పుట్టే సరుకు. కోఠిలో బస్సెక్కి, కండక్టర్ చింపి ఇచ్చిన నిన్ను జేబులో వేసుకున్నాను. పుస్తకంలో గుర్తుకి ఏదో ఒకటి కావాలి కదా అని నిన్నే పెట్టాను. అప్పట్లో నీ మీద ఎక్కడ ఎక్కానో, ఎక్కడ దిగాలో, ఎంత ఇచ్చానో అన్నీ అచ్చయి ఉండేవి. ఇప్పుడవన్నీ ఎగిరిపోయి తెల్ల చీటీవయ్యావు. ఈ క్షణం చెకింగ్ వాళ్లొస్తే నా పుస్తకానికి ఫైన్ తప్పదు.

ఒక్క విషయంలో మాత్రం నిన్ను మెచ్చుకోవాలి. ఈ పుస్తకం పాత యజమాని ఎవరో గాని, ముచ్చటగా పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివాడు. 96వ పేజీలో ఒక వాక్యం కింద సగం గీత ఉంది. ఆ తర్వాత పుస్తకం కొత్త పెళ్లికూతురిలా ఉంది. అంటే ఆయన కన్నా మనం పదహారు పేజీలు ముందుకు చొచ్చుకెళ్లాం. సైనిక భాషలో దీన్ని విజయమనే అంటారు.

కానీ లెక్క చూడు. అసలు యుద్ధం 1942 జూలైలో మొదలై 1943 ఫిబ్రవరి 2కి ముగిసింది. ఆరున్నర నెలలు. నువ్వు కూర్చుని పదకొండు నెలలు. మళ్లీ సంక్రాంతి వస్తోంది. నీ పుణ్యమా అని జర్మన్లు ఇంకా డాన్ నది దగ్గర ఎండలో చెమటలు కక్కుతున్నారు, చలికాలం ఒకటి రాబోతోందని వాళ్లకు తెలియనే తెలియదు.

నీ వల్ల నాకు పోయిన పరువు సంగతి కూడా చెబుతాను, విను.

ఆదివారం పొద్దున మా యుద్ధాల బ్యాచ్ ఒక ఇరానీ హోటల్లో కలుస్తుంది. ఐదారుగురం. కూర్చోగానే మొదటి ప్రశ్న: "ఏం నడుస్తోంది సార్?" నేను "స్టాలిన్‌గ్రాడ్ నడుస్తోంది" అంటాను. నడవడం లేదు, అది వేరే సంగతి. పుస్తకం టేబుల్ మీద పెట్టి, పక్కన చాయ్, సాసర్‌లో ఉస్మానియా బిస్కెట్, అన్నీ సర్ది ఫోటో తీస్తాం. పుస్తకం వెన్ను కనపడాలి, లావు తెలియాలి. నూట యాభై పేజీల పుస్తకం తెచ్చినవాడిని ఇంకా బాల్యంలో ఉన్నట్టు చూస్తాం.

మాలో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడున్నాడు. ప్రతిదానికీ యుద్ధ సిద్ధాంతాలు రాసిన క్లౌజ్‌విట్జ్ పేరెత్తుతాడు. రాజకీయానికి యుద్ధం కొనసాగింపు అన్నాడు కదా సార్ అంటూ, మొన్న వాళ్ల అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్నికలకు కూడా అదే వాడాడు. ఆ మహానుభావుడు తన పుస్తకం పూర్తి చేయకుండానే 1831లో కలరాతో పోయాడు. ఆయన భార్య మారీ దాన్ని 1832 నుంచి అచ్చు వేయించింది. రాసినవాడే ముగించలేదు, చదివేవాడిని మధ్యలో ఆగావేమని అడగడం ఏం న్యాయం? ఆయన రాతప్రతిలోనూ నీలాంటి చీటీ ఒకటి ఉండే ఉంటుంది.

మా బ్యాచ్‌లో నిజంగా చదివేవాడు ఒక్కరే, రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయన. ఆయనకు ప్రపంచంలో ప్రతి యుద్ధమూ రైల్వే సమస్యే. అప్పట్లో రష్యాలో రైలు పట్టాల మధ్య వెడల్పు 1524 మిల్లీమీటర్లు, జర్మనీలో 1435. "ఆ 89 మిల్లీమీటర్లు దాటలేక చచ్చారయ్యా" అంటూ రెండు చెంచాలు పక్కపక్కన పెట్టి చూపిస్తారు. జనరళ్ల పేర్లు చెబితే విసుక్కుంటారు. ముందు బండి ఎక్కడాగిందో చెప్పమంటారు.

అలాంటి ఆయన చేతిలో పడ్డాను. దీపావళికి ఇల్లు దులుపుతుంటే నువ్వు కింద పడ్డావు. మా ఆవిడ తీసి మళ్లీ లోపల పెట్టింది. ఎక్కడ పెట్టావని తర్వాత అడిగితే, "ఎక్కడైతే ఏమండీ, ఎలాగూ చదవరు కదా" అంది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

ఆ ఆదివారం పెద్దాయన పుస్తకం అందుకున్నారు. అది నీ దగ్గర తెరుచుకుంది. పేజీ 418.

"అబ్బో, నాలుగొందలు దాటేశారే! అయితే విమానాల్లో సరుకు దింపిన ఘట్టం అయిపోయిందన్నమాట. ఎలా అనిపించింది?"

డాన్ నది ఒడ్డున నిలబడ్డవాడిని, నాకేం తెలుసు? "ఆ చలిలో కూడా బాగానే దింపారు కదండీ" అన్నాను.

పెద్దాయన చాయ్‌లో ముంచిన బిస్కెట్ అలాగే పట్టుకుని నన్ను చూస్తుండిపోయారు. అది మెత్తబడి సగం విరిగి కప్పులో పడింది. అప్పుడు మొదలుపెట్టారు. నవంబరులో రష్యన్లు చుట్టుముట్టేసరికి జర్మన్ల వైపు రెండున్నర లక్షల మందికి పైగా లోపల చిక్కుకున్నారు. ఆకాశం నుంచి నేను మేపుతానని హిట్లర్ వైమానిక దళాధిపతి గోరింగ్ మాటిచ్చాడు. రోజుకి 500 టన్నులు కావాలంటే, సగటున అందులో మూడో వంతు కూడా దిగలేదు. గుర్రాలను కోసుకు తిన్నారు. జనవరి 30న హిట్లర్ ఆ సైన్యాధిపతి పౌలుస్‌ని ఫీల్డ్ మార్షల్ చేశాడు. అప్పటివరకు జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఎవరూ లొంగిపోలేదు కాబట్టి ఈయన కాల్చుకు చస్తాడని ఆశ. మర్నాడే ఈయన లొంగిపోయాడు.

"చేతికి చిక్కింది సుమారు 91,000 మంది. ఇళ్లకు చేరినవాళ్లు ఆరు వేలకు మించలేదంటారు" అని కప్పులోంచి బిస్కెట్ ముక్కని చెంచాతో తీసి పక్కన పెట్టారు.

ఒక నిమిషం టేబుల్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత జర్మన్ల టైగర్ ట్యాంక్ బరువు 54 టన్నులా, 57 టన్నులా అన్న చర్చ యథావిధిగా మొదలైంది.

ఆ రాత్రి నిన్ను 418 నుంచి తీసి 112లో పెట్టాను. ఒక్క ప్రాణనష్టం కూడా లేకుండా 306 పేజీలు వెనక్కి తగ్గిన సైన్యం చరిత్రలో మనదే అయ్యుంటుంది.

పెద్దాయన అంతటితో వదల్లేదు. తర్వాతి వారం "ఇక్కడికి దగ్గర్లోనే గోల్కొండ ఉంది, దాని ముట్టడి గురించి ఎవరు చదివారు?" అని అడిగారు. కుర్రాడు "లైట్ అండ్ సౌండ్ షో చూశాం సార్" అన్నాడు. వోల్గా నది ఒడ్డున స్టాలిన్‌గ్రాడ్‌లో ఏ ఫ్యాక్టరీ ఎటువైపు ఉందో చెప్పగల బ్యాచ్ మాది. మా ఊరి కోట సంగతి మాత్రం టికెట్ కొని బొమ్మలా చూశాం. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు దాని ముందు కూర్చున్నాడట. వానలు, తిండి కరువు. గోడల కిందికి సొరంగం తవ్వి మందుగుండు పేలిస్తే అది తిరిగి మొగలుల మీదికే తన్నిందట. చివరికి సెప్టెంబరులో ఒక రాత్రి లంచం మింగినవాడొకడు లోపలి నుంచి తలుపు తీశాడు. పట్టుకోవడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, తానీషా తాపీగా భోజనం ముగించి లేచాడని చెబుతారు.

మన రామదాసుని జైల్లో పెట్టిన తానీషాయే. అంతవరకు నాకు ఆయన సినిమా మనిషి.

చూశావా, ఔరంగజేబుకి ఎనిమిది నెలలు చాలాయి. నీకు పదకొండు చాల్లేదు. నీకు లంచమిచ్చి తలుపు తీయించేవాడు ఎవడైనా ఉన్నాడేమో కనుక్కో.

ఇంకొక్క మాట, కోపం తెచ్చుకోకు. నిన్న మళ్లీ అబిడ్స్ వెళ్లాను. గోల్కొండ మీద ఏమైనా దొరుకుతుందనే వెళ్లాను. కుర్స్క్ ట్యాంకుల యుద్ధం మీద ఒకటి కనపడింది, ఏడువందల పేజీలు, మ్యాపులు మడత విప్పేవి. దానికి గుర్తు కావాలని, వచ్చేటప్పుడు మెట్రో మానేసి బస్సెక్కాను.

ఇట్లు,
నీ యజమాని