శాంతమైన చేపలన్నీ కలిసి బతుకుతాయన్నది నిజం కాదు

అక్వేరియం కొత్తగా పెట్టుకునేవారికి ఒక సలహా ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. దాని సారాంశం ఇది: శాంత స్వభావం ఉన్న చేపలైతే ఏ రకాలనైనా కలపవచ్చు; అన్నింటినీ పిల్లలుగా ఉన్నప్పుడే ఒకేసారి వేస్తే అలవాటుపడి ఒకదాన్నొకటి తినవు; గొడవలు రాకుండా ఒక్కో రకం నుంచి ఒకటో రెండో వేసుకోవాలి; చేప ట్యాంకుకు తగినంతే పెరుగుతుంది; అద్దానికి అతుక్కుని నాచు తినే సక్కర్ చేపను ఒకదాన్ని వేస్తే శుభ్రం సంగతి అదే చూసుకుంటుంది. చదవడానికి తేలికగా ఉంటుంది కాబట్టి చాలామంది నమ్ముతున్నారు. నమ్మినవారి ట్యాంకుల్లో చేపలు చచ్చిపోతున్నాయి. అందుకే ప్రతి మాటకూ జవాబు చెప్పాలనుకుంటున్నాను.

ముందుగా, చిన్నప్పటి నుంచి కలిసి పెరిగితే తినవన్న మాట. అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదేనని నా అభిప్రాయం. ఏంజెల్, నియాన్ టెట్రాలనే తీసుకోండి. రెండూ నెమ్మదైన చేపలుగా పేరుపడ్డవే. రెండూ అమెజాన్ నదీ ప్రాంతానివే. పక్కపక్కన ఈదుతుంటే చూడముచ్చటగా ఉంటాయి. అమ్మేటప్పుడు ఏంజెల్ పిల్ల చాలా చిన్నది. పూర్తిగా ఎదిగాక పొడవే 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, రెక్కలతో కలిపి ఎత్తు ఇంకా ఎక్కువ. నియాన్ ఎంత పెరిగినా 3, 4 సెంటీమీటర్లే, పైగా సన్నని ఒళ్లు. అది ఏంజెల్ నోట్లో పట్టే రోజు వస్తుంది. అప్పుడు ఏంజెల్ కళ్లకు నియాన్ మేతగానే కనిపిస్తుంది. ఇందులో క్రూరత్వం ఏమీ లేదు. చిన్న చేపలను, పురుగులను పట్టి తినడమే దాని సహజ జీవనం.

మోసపోవడానికి కారణం, ఇది వెంటనే జరగకపోవడం. నెలల తరబడి ఏ గొడవా ఉండదు. ఆ తర్వాత నియాన్లు ఒక్కొక్కటే తగ్గిపోతుంటాయి. రాత్రి దీపం ఆర్పాక నియాన్లు రంగు పలచబడి దాదాపు కదలకుండా ఉంటాయి, చీకట్లోనో తెల్లవారుజామునో మాయమవుతాయి. ఎవరూ చూడరు కాబట్టి జబ్బు చేసి చచ్చిందనో, బయటికి దూకిందనో అనుకుంటారు. ఒకే ఈడు చేపలను ఒకేసారి వేస్తే చోటు కోసం జరిగే పోట్లాటలు కొంత తగ్గుతాయన్నది నిజమే. పోట్లాట వేరు, ఆకలి వేరు. పరిచయం ఆకలిని ఆపలేదు. ఏంజెల్‌తో టెట్రాలు కావాలంటే కాంగో టెట్రా వంటి ఒళ్లున్న రకాన్ని ఎంచుకోవాలి. అప్పుడు కూడా ఏంజెల్ జంట గుడ్లు పెట్టిన రోజుల్లో మిగతా చేపలన్నింటినీ ఒక మూలకు తరిమేస్తుంది. శాంతం అనేది ఆ చేపకు అన్ని రోజులూ ఉండే గుణం కాదు.

మింగలేని చేపను మింగబోయినా ప్రమాదమే. అడుగున తిరిగే చిన్న కోరీ చేపకు రెక్కల ముందు గట్టి ముళ్లుంటాయి, భయపడితే అవి నిలువునా బిగుసుకుంటాయి. ఆస్కార్ వంటి పెద్ద చేప దాన్ని నోట్లో పెట్టుకుంటే ముళ్లు గొంతుకు అడ్డంపడి రెండూ చచ్చిపోవచ్చు.

ఇక శాంతమైనవైతే ఏవైనా కలపవచ్చన్న మాట. గోల్డ్ ఫిష్ ఎవరి జోలికీ పోదని, దాని పక్కన గప్పీలను, నియాన్లను వేస్తారు. గోల్డ్ ఫిష్‌కు 18 నుంచి 22 డిగ్రీల చల్లని నీళ్లు హాయి. నియాన్లు, గప్పీలు 24 డిగ్రీల చుట్టుపక్కల బాగుంటాయి, డిస్కస్ అనే చేపకు 28 దాకా ఉండాలి. హీటర్ పెంచితే గోల్డ్ ఫిష్ శరీరం వేగంగా పనిచేసి ఎక్కువ ఆక్సిజన్ కోరుతుంది, వేడి నీళ్లలో కరిగే ఆక్సిజనేమో తగ్గుతుంది. హీటర్ తగ్గిస్తే మిగతావి నీరసపడతాయి. అంటే ఒకరి ఆరోగ్యం మరొకరికి జబ్బు. పైగా గోల్డ్ ఫిష్ కార్పు జాతి చేప, నోటికి అందిన చిన్న చేపను వదలదు.

నీటి గుణం సంగతీ అంతే. మోలీలు, గప్పీలు, ప్లేటీలు ఖనిజాలున్న కఠిన జలంలో బాగా బతుకుతాయి. మెత్తని, ఆమ్ల గుణమున్న నీళ్లలో మోలీని ఉంచితే రెక్కలు ముడుచుకుని ఉన్నచోటే ఒళ్లు ఊపుతూ ఉంటుంది. అది ఆట అనుకుంటారు, కానీ ఇబ్బందిపడుతున్న చేప లక్షణం అది. నియాన్ సహజంగా ఉండేది ఆ మెత్తని నీళ్లలోనే. ట్యాంకుల్లో పుట్టి పెరిగిన చేపలు కొంత తేడాకు తట్టుకుంటాయి, నిజమే. కానీ తట్టుకోవడాన్ని బాగుండడం అనుకోకూడదు.

రూపం కూడా చూడాలి. మగ ఫైటర్ చేప పొడవాటి రంగుల తోక ఉన్న మగ గప్పీని పోటీదారుగా భావించి కరవవచ్చు. అదే ఫైటర్‌ను టైగర్ బార్బుల మధ్య వేస్తే దాని రెక్కలు చిరిగిపోతాయి. చిరిగిన రెక్కకు సూక్ష్మజీవులు సోకి కుళ్లు మొదలవుతుంది.

గొడవలు రాకుండా ఒక్కో రకం నుంచి ఒకటో రెండో వేయాలన్న సలహా చాలా రకాల విషయంలో పూర్తిగా తలకిందులు. టైగర్ బార్బులు రెండో మూడో ఉంటే పక్క చేపల రెక్కలు కొరుకుతాయి. ఎనిమిదో పదో ఉంటే ఆ తరుముకోవడమంతా వాటిలో వాటికే ఎక్కువగా సాగుతుంది. నియాన్లు, కోరీలు కనీసం ఆరు ఉండాలి. గుంపు లేని నియాన్ మొక్కల వెనకే దాక్కుని, భయంతో సరిగా తినక బక్కచిక్కిపోతుంది. ఒంటరిగా ఉంచాల్సినవీ ఉన్నాయి: మగ ఫైటర్‌ను, పేరుకే షార్క్ అయిన ఎర్రతోక షార్క్‌ను ట్యాంకుకు ఒకటే ఉంచాలి. గప్పీల్లో ఒక మగదానికి రెండు మూడు ఆడవి లేకపోతే, ఉన్న ఒక్క ఆడదాన్ని మగవి అలసిపోయేదాకా వెంటాడతాయి. ఎన్ని వేయాలన్నది ఆ జాతిని అడగాలి, అన్నింటికీ వర్తించే అంకె లేదు.

ట్యాంకుకు తగినంతే పెరుగుతుందన్న మాట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇరుకు ట్యాంకులో వ్యర్థాలు పేరుకుని, ఒత్తిడి పెరిగి చేప ఎదుగుదల ఆగిపోతుంది. దాన్ని సర్దుకుపోవడం అనడం అన్యాయం, అది గిడసబారడం. వేలెడంత ఉన్నప్పుడు అమ్మే పంగాసియస్ షార్క్ సహజ నదుల్లో మీటరు దాటి పెరిగే చేప. ఇంట్లో మామూలు ట్యాంకులో దానికి చోటే లేదు.

సక్కర్ చేప విషయం. మామూలు సక్కర్ 30 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, అంత ఒంటికి తగినంత మలమూ వేస్తుంది. ఏ చేపా మిగతా చేపల మలాన్ని తిని నీళ్లు బాగుచేయదు. వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేవి ఫిల్టర్లో పెరిగే బ్యాక్టీరియా. కొత్త ట్యాంకులో అవి స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలన్నింటినీ ఒకేసారి వేయమన్న సలహా ఇక్కడ కూడా ప్రాణాల మీదకు తెస్తుంది: బ్యాక్టీరియా లేని నీళ్లలో అమోనియా పెరిగి మొప్పలు దెబ్బతింటాయి. ఆకలేసిన పెద్ద సక్కర్ రాత్రిపూట గోల్డ్ ఫిష్, డిస్కస్ వంటి చేపల ఒంటికి అతుక్కుని వాటి జిగురు పొరను గీరుతుంది కూడా. నాచు తినే చేప కావాలంటే 12, 15 సెంటీమీటర్ల దగ్గర ఆగే బ్రిస్టల్‌నోస్ రకం చాలు. నీళ్లలో కొంత భాగాన్ని వారం వారం మార్చే పని మాత్రం మనదే.

"మా ట్యాంకులో అన్నీ కలిసి బాగానే ఉన్నాయి" అనేవారు తప్పకుండా ఉంటారు. ఎన్నాళ్ల నుంచి అని అడగండి. బాగా చూసుకుంటే నియాన్ ఐదేళ్లు, ఏంజెల్ పదేళ్లు, గోల్డ్ ఫిష్ అంతకంటే ఎక్కువ బతుకుతాయి. కొన్ని నెలలు చావకపోవడం జత కుదిరిందనడానికి రుజువు కాదు.

కుదిరే జతలు చాలానే ఉన్నాయి. 100 లీటర్ల ట్యాంకులో, మెత్తని నీళ్లు, 24, 25 డిగ్రీల వేడి ఉంటే మధ్య వరుసలో పది నియాన్లు, అడుగున ఆరు కోరీలు, పైభాగంలో ఒక జత హనీ గౌరామీలు హాయిగా ఉంటాయి. మీ నీళ్లు కఠినమైనవైతే నియాన్ల ఆలోచన మాని ప్లేటీలనో గప్పీలనో ఎంచుకోండి.

ఆ సలహా విని ఇప్పటికే కలిపేసినవారు గోల్డ్ ఫిష్‌ను హీటర్ లేని వేరే ట్యాంకులోకి, నియాన్లను ఏంజెల్ పెరగకముందే మరోచోటికి మార్చాలి. ట్యాంకు పట్టని సక్కర్‌ను అమ్మినవారికి తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద ట్యాంకు ఉన్నవారికి అప్పగించండి. చెరువులోనో కాలువలోనో మాత్రం వదలకండి. అలా వదిలిన సక్కర్లు ఎన్నో దేశాల జలాశయాల్లో విపరీతంగా పెరిగి గట్లలో బొరియలు తవ్వుతున్నాయి, జాలరుల వలలు పాడుచేస్తున్నాయి.