తలుపు తట్టే పిల్లలను ఆపొద్దు

పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయి అడిగే హాలోవీన్ పండగ, అంటే అక్టోబరు 31, దగ్గరపడుతోందంటే అమెరికాలో పిల్లలున్న చాలా తెలుగు ఇళ్లలో ఒక వాదన మొదలవుతుంది. స్కూల్లో అందరూ వేషాలు వేస్తున్నారు, మేమూ వేస్తామంటారు పిల్లలు. ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మమ్మకో నానమ్మకో అది మింగుడుపడదు. గుమ్మం ముందు పుర్రెలు, అస్థిపంజరాలు వేలాడదీయడం అశుభం అనిపిస్తుంది. ముక్కూ మొహం తెలియని వాళ్ల ఇంటి ముందు నిలబడి మిఠాయి అడగడం చిన్నతనంగా తోస్తుంది. తల్లిదండ్రులకు పంపితే ఒక బాధ, పంపకపోతే పిల్ల మర్నాడు స్కూల్లో ఒంటరిదైపోతుందని ఇంకో బాధ. ఈ ఇబ్బందిని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయినా పిల్లలను పంపాలనే మా అభిప్రాయం.

అడగడం చిన్నతనమన్న మాటనే ముందు చూద్దాం. ఒకప్పుడు మన ఊళ్లలో దసరాకు బడి పంతులు పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు. పిల్లల చేతుల్లో విల్లంబులు, నోట పద్యాలు. పంతులుగారికి డబ్బులు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చి పంపేవారు. దాన్ని ఎవరూ అడుక్కోవడం అనలేదు. ఐర్లండ్, స్కాట్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు 19వ శతాబ్దంలో అమెరికాకు తెచ్చిన ఆచారమూ దీనికి దూరమైనదేమీ కాదు. అక్కడా వేషాలు వేసుకున్న పిల్లలు గుమ్మం దగ్గర పాటో పద్యమో వినిపించి పండ్లో గింజలో పట్టుకెళ్లేవారు. ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ (మిఠాయి పెడతారా, అల్లరి చేయమంటారా) అన్న కేక చాలా తర్వాత వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చక్కెరకు రేషన్ పెట్టడంతో ఈ తిరుగుడు తగ్గి, 1947లో రేషన్ ఎత్తేశాక మళ్లీ ఊపందుకుంది. 1950లో ఫిలడెల్ఫియాలో కొందరు పిల్లలు ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ కోసం చిల్లర పోగుచేయడం మొదలుపెడితే అది దేశమంతా పాకింది. ఇక చావు గుర్తులంటారా, పోయినవాళ్లను తలుచుకోవడానికి మనకు మహాలయ పక్షం ఉన్నట్టే క్రైస్తవులకు నవంబరు 2 ఉంది. హాలోవీన్ ఆ రోజులను ఆనుకుని పుట్టిన పండగ.

మిఠాయిలో విషం కలుపుతారన్న భయం అమెరికన్లను దశాబ్దాలుగా వెంటాడుతోంది. 1974లో టెక్సాస్‌లో ఎనిమిదేళ్ల బాబు హాలోవీన్ మిఠాయిలోని సయనైడ్ వల్ల చనిపోయాడు. అది కలిపింది బీమా డబ్బుకు ఆశపడ్డ కన్నతండ్రే. ఇలాంటి వార్తలను ఏళ్ల తరబడి పరిశీలించిన డెలవేర్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్‌కు, ఇంటింటా తెచ్చుకున్న మిఠాయిలో అపరిచితులు కలిపిన విషంతో పిల్లలు చనిపోయినట్టు రుజువైన ఘటన ఒక్కటీ దొరకలేదు.

పిల్లలు చనిపోతున్నది రోడ్ల మీద. 1975 నుంచి 2016 వరకు 42 ఏళ్ల లెక్కలు తీసి చేసిన అధ్యయనం జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వారం ముందు, వారం తర్వాత సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం పాదచారులు కారు కింద పడి చనిపోయే ముప్పు 43 శాతం ఎక్కువని తేలింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు అది పది రెట్లు. ఇది చదివాక కూడా మిఠాయి కాగితాలు విప్పి చూసుకుంటూ కూర్చుంటే లాభం లేదు. ఆ మూడు నాలుగు గంటలు నివాస వీధుల్లో కార్లను ఆపేసే పని నగరపాలక సంస్థలు చేయాలి. ఇంట్లోవాళ్లు చేయగలిగిందీ ఉంది. చూపుకు అడ్డొచ్చే మాస్కు బదులు మొహానికి రంగు వేయాలి, దుస్తుల మీద వెలుగుకు మెరిసే టేపు అంటించాలి, చిన్నపిల్లల వెంట పెద్దవాళ్లు నడవాలి.

ఇంకో భయం ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. 1992 అక్టోబరులో లూయిజియానాలోని బేటన్ రూజ్‌లో యోషిహిరో హట్టోరి అనే పదహారేళ్ల జపాన్ విద్యార్థి హాలోవీన్ పార్టీకి వెళ్తూ పొరపాటున వేరే ఇంటి ముందుకు వెళ్లాడు. ఆ ఇంటి యజమాని తుపాకీతో కాల్చి చంపాడు. వలస వచ్చిన కుటుంబాలకు ఈ టెన్షన్ ఎందుకుంటుందో మాకు అర్థమవుతుంది. అందుకే వాకిట్లో దీపం వెలిగే ఇళ్లకే వెళ్లాలన్న అక్కడి మర్యాదను పిల్లలకు గట్టిగా చెప్పి పంపాలి.

భయంతోనే ఇప్పుడు చాలాచోట్ల స్కూళ్ల, చర్చిల పార్కింగుల్లో కార్ల డిక్కీలు తెరిచి మిఠాయి పంచే ‘ట్రంక్ ఆర్ ట్రీట్’ పెరుగుతోంది. ఇళ్లు దూరదూరంగా ఉండే పల్లెల్లో అది మంచిదే. కానీ ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న వీధుల్లో అదే అలవాటైతే నష్టం. ఏడాదంతా కారు గ్యారేజీలోకి వెళ్లడం తప్ప పక్కింటివాళ్ల మొహం చూడని వీధిలో, ఒంటరిగా ఉండే ముసలాయన తలుపు తెరిచి పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడే రాత్రి ఇదొక్కటే. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి ఆ పరిచయం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. శాకాహారులైతే మిఠాయిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందేమో చూసి పక్కన పెట్టుకోవచ్చు. వేరుశనగ పడని పిల్లల కోసం వాకిట్లో నీలిపచ్చ గుమ్మడికాయ పెట్టి, తినే వస్తువులకు బదులు బొమ్మలో పెన్సిళ్లో ఇచ్చే ఇళ్లూ అక్కడ ఉన్నాయి.

హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లోనూ కొన్నేళ్లుగా హాలోవీన్ కనిపిస్తోంది. దీన్ని నిషేధించాలనే వాళ్లతో మేము ఏకీభవించం. కానీ పప్పుబెల్లాల సంగతే తెలియని పిల్లలు ఒక్కసారి వేసి పారేసే ప్లాస్టిక్ వేషాల్లో, ముందే వాట్సాప్‌లో ఖరారైన ఫ్లాట్లకు మాత్రమే తిరగడం మాకు వెలితిగా ఉంది. అదే గేటు లోపల సెక్యూరిటీ గార్డుల పిల్లలు, ఇళ్లలో పనిచేసేవాళ్ల పిల్లలు పక్కన నిలబడి ఇదంతా చూస్తుంటారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు ఈసారి పేర్లు రాసుకునేటప్పుడు వాళ్ల పేర్లు కూడా రాసుకోవాలి. వేషాల ఖర్చు అసోసియేషన్ నిధి నుంచి పెట్టాలి. అన్ని తలుపులూ వాళ్లకూ తెరవాలి.