చలి కాదు, చెంబే చంపుతోంది

కరివేపాకు మొక్క పోయిందంటే మన ఇళ్ళలో నింద ఎప్పుడూ మంచు మీదే పడుతుంది. మిషిగన్‌లోనో న్యూజెర్సీలోనో ఆరుబయట వదిలేసిన మొక్క సంగతి వేరు, దాన్ని గడ్డకట్టే చలి నిజంగానే తీసుకుపోతుంది. కానీ హీటర్ నడుస్తున్న హాల్లో, కిటికీ పక్కన భద్రంగా పెట్టుకున్న మొక్క ఫిబ్రవరికి ఎందుకు ఎండుతోంది? చాలా ఇళ్ళలో కారణం మన చేతిలోని చెంబే.

పొద్దు తగ్గగానే కరివేపాకు చాలా ఇళ్ళలో ఆకు రాల్చి నిద్రపోతుంది. అది జబ్బు కాదు. ఆ బోసి కొమ్మలు చూసి మనకే ప్రాణం ఆగదు, పాపం దాహమేమో అని రోజూ నీళ్ళు పోస్తాం. ఆకు లేని మొక్క నీళ్ళు తాగేది చాలా తక్కువ. తాగని నీరు మట్టిలోనే నిలుస్తుంది, వేళ్ళకు గాలి ఆడదు, కుళ్ళు మొదలవుతుంది. కాండం మొదలు నల్లబడి మెత్తబడిందంటే ఇక ఆశ లేదు. అనుమానంగా ఉంటే కొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీరండి. లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది, దాని మానాన దాన్ని వదిలేయండి.

నీళ్ళకు వారం, తేదీ పెట్టుకోవద్దు. వేలు రెండంగుళాలు మట్టిలోకి గుచ్చి, పొడిగా తగిలితేనే పోయాలి. చలికాలంలో అది రెండు మూడు వారాలకు ఒకసారి కావచ్చు. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోసి, అరగంట తర్వాత పళ్ళెంలో మిగిలిన నీళ్ళు పారబోయాలి. పైపైన పావు గ్లాసు చల్లడం రెండు విధాలా చెరుపే: అడుగు వేళ్ళకు అందదు, పై మట్టి ఎప్పుడూ ఆరదు.

కుండీ పెద్దదైతే మొక్క పెద్దదవుతుందన్న నమ్మకం ఇంకొకటి. జానెడు మొక్కను పద్నాలుగంగుళాల కుండీలో పెడితే వేళ్ళు చేరని మట్టంతా తడి పట్టుకుని కూర్చుంటుంది. ఆరంగుళాల కుండీ వేళ్ళతో నిండాక ఎనిమిదంగుళాలకు మార్చాలి, అదీ వసంతంలోనే. మట్టి రెండు పాళ్ళు పాటింగ్ మిక్స్, ఒక పాలు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల గుళికలు), ఒక పాలు కంపోస్టు. పెరటి మట్టి కుండీలో గట్టిపడిపోతుంది, వద్దు. అడుగున గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు బాగా దిగుతాయనేది కూడా ఉత్తమాటే. నీరు రాళ్ళ పొర దగ్గర ఆగి, తడి ఇంకా పైకి, వేళ్ళ దగ్గరికి వస్తుంది.

పుల్లమజ్జిగ పోస్తే కరివేపాకు ఏపుగా పెరుగుతుందన్న నమ్మకం గురించి చెబితే కొందరికి కోపం రావచ్చు. పెరట్లో, నేలలో ఉన్న చెట్టుకు ఎంత పోసినా చెల్లుతుంది. మూసిన గదిలోని కుండీకి పోస్తే మిగిలేవి వాసన, చిన్న నల్ల ఈగలు. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము అందకపోవడం. కుళాయి నీళ్ళ క్షారగుణం వల్ల చాలాచోట్ల వస్తుంది. కీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకోగల రూపంలోని ఇనుము) డబ్బా మీద రాసిన మోతాదులో ఇస్తే లేత ఆకు తేరుకుంటుంది. వాటర్ సాఫ్ట్‌నర్ (నీటి కఠినత్వం తగ్గించే యంత్రం) దాటొచ్చిన నీళ్ళలో సోడియం ఉంటుంది, పోయకండి. వాననీళ్ళు పట్టుకోగలిగితే అంతకంటే కావలసింది లేదు. ఎరువు చిగురు కనిపించాకే మొదలుపెట్టాలి: ఫిష్ ఎమల్షన్ (చేపల నుంచి చేసే ద్రవ ఎరువు), డబ్బా మీద చెప్పిన మోతాదులో సగం, రెండు వారాలకోసారి, ఆగస్టు దాకా.

కోయడంలోనూ పిసినారితనం వద్దు. పోపులోకి నాలుగు ఆకులు గిల్లి ఈనె వదిలేస్తే ఆ ఈనె మళ్ళీ చిగురించదు. రెమ్మ మొత్తం తుంచాలి. మొక్క మోకాలెత్తు రాగానే కొస కత్తిరిస్తే పక్క కొమ్మలు వస్తాయి. లేకపోతే ఒంటి కర్రలా పైకి పోతుంది. పూమొగ్గలు కూడా తీసేయండి, ఆకు కోసం పెంచుకునేవాళ్ళకు అవి దండగ.

రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగుతుందనగానే లోపలికి తేవాలి. తెచ్చేముందు ఆకుల అడుగు భాగం కడిగి, లీటరు గోరువెచ్చని నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల ద్రవసబ్బు కలిపి సాయంత్రం పూట చల్లండి. ఇది మానేస్తే పొలుసు పురుగు, ఎర్రనల్లి మొక్కతోపాటే ఇంట్లోకొస్తాయి. వసంతంలో బయట పెట్టేటప్పుడు వారం పది రోజులు నీడలో ఉంచి, తర్వాతే ఎండకు మార్చాలి.

ఇక మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట. ఫ్లోరిడా నుంచో కాలిఫోర్నియా నుంచో గృహప్రవేశానికి కరివేపాకు మొక్క కారులో పెట్టుకు రావడం ప్రేమ కాదు, తెగులు మోసుకురావడం. కరివేపాకు నిమ్మజాతి మొక్క. ఏషియన్ సిట్రస్ సిల్లిడ్ అనే పురుగు దీని లేత చిగుళ్ళలోనే గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల పురుగు, తోక భాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది; పిల్లపురుగులు తెల్లని మైనం పోగులు విడుస్తాయి. నిమ్మ, నారింజ చెట్లను చంపే సిట్రస్ గ్రీనింగ్ అనే తెగులును మోసుకెళ్ళేది ఇదే. పురుగు ఫ్లోరిడాలో 1998లో కనబడింది, 2005లో తెగులు బయటపడింది. కాలిఫోర్నియాలో పురుగు 2008లో, తెగులు 2012లో. తెగులు సోకిన చెట్టుకు మందు లేదు. అందుకే పురుగున్న ప్రాంతాల నుంచి ఈ మొక్కల తరలింపు మీద చట్టపరమైన ఆంక్షలున్నాయి, ఇండియా నుంచి సూట్‌కేసులో పచ్చి ఆకు తేవడమూ నిషిద్ధమే.

మన సంఘాల వేసవి పిక్నిక్కుల్లో మొక్కల బల్ల పెట్టేవాళ్ళు ప్రతి కుండీకీ ఎక్కడి మొక్కో అడిగి చీటీ కట్టాలి, జవాబు లేని మొక్కను బల్లెక్కించకూడదు. కొనేవాళ్ళు మీ రాష్ట్రానికి పంపే లైసెన్సున్న నర్సరీలోనే కొనండి. ఊళ్ళోనే ఎవరి చెట్టుకైనా కాయలు పండితే, మీ కౌంటీ నిబంధన చూసుకుని, నల్లబడిన పండు గుజ్జు కడిగి, నాలుగైదు రోజుల్లోపే అరంగుళం లోతున విత్తండి. ప్యాకెట్టులో ఎండిపోయి వచ్చే గింజలకు డబ్బు పెట్టకండి, అవి మొలవవు.