అడ్వాన్స్ మన డబ్బు కాదు

నేను ఇల్లు అద్దెకివ్వడం మొదలుపెట్టి మూడేళ్ళు కావస్తోంది. ఉన్నవి రెండే పోర్షన్లు. కొత్తగా ఇల్లు అద్దెకిస్తున్న తెలిసినవాళ్ళు ఇప్పుడు నన్ను సలహా అడుగుతున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న, "మంచివాళ్ళు దొరకాలంటే ఏం చూసుకోవాలి?" అని. దిగేవాళ్ళు ఎలాంటివాళ్ళో అన్న టెన్షనే అందరికీ. ఓనర్‌గా నేను ఎలా ఉండాలి అని ఒక్కరూ అడగలేదు. మొదట్లో నేనూ అడగలేదు. దానివల్ల ఒక కుటుంబాన్ని ఇబ్బంది పెట్టాను. అది చెప్పాలనే ఈ పోస్ట్.

మొదట దిగినవాళ్ళు ఇచ్చిన అడ్వాన్స్ నా మామూలు ఖాతాలోనే వేసుకున్నాను. అందులో ఉన్న నా డబ్బుతో కలిసిపోయింది. అప్పటికి మేడమెట్ల గ్రిల్ పని సగంలో ఆగి ఉంది, దానికి కొంత పోయింది. ఇంకో అవసరానికి ఇంకొంత. 14 నెలల తర్వాత ఆ ఇంటావిడ వచ్చి, "అక్కా, ఆయనకి బదిలీ అయింది, వచ్చే నెలాఖరుకి ఖాళీ చేస్తాం" అని చెప్పింది. అగ్రిమెంట్‌లో రాసుకున్నట్టే నెల ముందు చెప్పింది. ఆ నెలంతా నేను కొత్తవాళ్ళని వెతకడంలోనే ఉన్నాను. వాళ్ళు దిగితే ఇచ్చే అడ్వాన్స్‌తో వీళ్ళది తీర్చేద్దామనుకున్నాను. ఎవరూ దిగలేదు.

ఖాళీ చేసే రోజు పైకి వెళ్ళాను. సామానంతా లారీలోకి ఎక్కించేశారు. హాలు ఊడ్చి ఉంది. వంటింటి గట్టు తడిబట్టతో తుడిచినట్టు ఇంకా చెమ్మగా ఉంది. ఊడిపోయిన అలమర పిడినీ దాని స్క్రూనీ ఒక కవర్లో పెట్టి అక్కడే ఉంచింది, పారేయలేదు. ఆవిడ తాళాలు నా చేతికిచ్చి నిలబడింది. నేను, "ఒక్క పది రోజులు ఆగమ్మా, సర్దుతాను" అన్నాను. ఆవిడ ముఖంలో కోపం లేదు, భయం కనిపించింది. "అక్కా, ఆ డబ్బుతోనే అక్కడ కొత్త ఇంటికి అడ్వాన్స్ కట్టాలి. రేపు కట్టకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తామన్నారు" అంది. సామానుతో, పిల్లాడితో రాత్రికి బయల్దేరాల్సినవాళ్ళు. తమ్ముడికి ఫోన్ చేసి, అప్పు తీసుకుని సాయంత్రానికి ఇచ్చాను. ఇచ్చాను కానీ ఆ నాలుగైదు గంటలు వాళ్ళు లారీ పక్కన నిలబడింది నా వల్లే.

అడ్వాన్స్ అంటే అద్దెకి దిగినవాళ్ళు మన దగ్గర దాచి ఉంచిన సొమ్ము. అద్దె ఎగ్గొట్టినా, ఇల్లు పాడుచేసినా అందులోంచి తీసుకునే హక్కు మనకుంది. అది జరగనంతవరకు అందులో ఒక్క పైసా మనది కాదు. ఇప్పుడు నేను దానికోసం వేరే ఖాతా తెరిచాను. ఆ ఖాతాకి కార్డు తీసుకోలేదు. అసలు కొన్ని దేశాల్లో ఈ డబ్బుని విడి ఖాతాలోనో, ప్రభుత్వం గుర్తించిన సంస్థ దగ్గరో పెట్టాలని చట్టమే ఉంది. చట్టం అడిగినా అడగకపోయినా, కొత్త ఓనర్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే. తిరిగి ఇవ్వడానికి డబ్బు సిద్ధంగా లేకపోతే అడ్వాన్స్ తీసుకోకండి.

ఇక అడ్వాన్స్‌లో కోతలు. అద్దె ఇళ్ళలో సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి. గోడ మీద సోఫా ఆనిన మరక, మేకు దిగిన చిన్న కన్నం, నడిచీ నడిచీ అరిగిన గచ్చు, ఎండకి వెలిసిన రంగు, ఇవన్నీ మనుషులు కాపురం ఉన్నారనడానికి గుర్తులు. దానికే కదా నెలనెలా అద్దె తీసుకుంటున్నాం! పగిలిన వాష్ బేసిన్, విరగ్గొట్టిన తలుపు వేరే సంగతి. వాటికి డబ్బు అడగొచ్చు. అప్పుడు కూడా ఆ వస్తువు వయసు చూడాలి. ఐదేళ్ళు నిలిచే రంగు వేయించామనుకోండి. వాళ్ళు నాలుగేళ్ళు ఉండి, నిజంగానే గోడలు పాడుచేసి వెళ్ళారు. ఆ రంగుకి మిగిలిన ఆయుష్షు ఒక్క ఏడాదే. అడిగితే ఐదో వంతు అడగాలి. మొత్తం ఖర్చు వాళ్ళ నెత్తిన వేస్తే, మనం ఎలాగూ వేయించుకోవాల్సిన రంగుకి వాళ్ళ చేత డబ్బు కట్టించినట్టే. చాలామంది ఇలాగే చేస్తారు. అడిగితే "అందరూ తీసుకునేదే" అంటారు. నాకు మాత్రం అది దొంగతనంలాగే కనిపిస్తుంది.

ఏది ఎవరివల్ల పాడైందో తేలాలంటే దిగే రోజే రాసుకోవాలి. ఇప్పుడు మా పై పోర్షన్‌లో ఉన్నవాళ్ళు దిగిన రోజు అరగంట సేపు వాళ్ళతో కలిసి ఇల్లంతా తిరిగాను. ప్రతి కుళాయీ తిప్పాం, ఫ్లష్ నొక్కాం, ప్రతి స్విచ్చూ వేసి చూశాం, కిటికీ గొళ్ళేలు పడుతున్నాయో లేదో చూశాం. బాత్రూమ్ తలుపు అడుగున చెక్క నీటికి ఉబ్బి, పొర లేచి ఉంది. నేను అది ఎప్పుడూ గమనించలేదు. వాళ్ళాయనే వంగి చూపించాడు. ఫోటో తీసి, "తలుపు అడుగు ముందే ఉబ్బి ఉంది" అని కాగితం మీద రాశాం. కరెంటు మీటర్ రీడింగ్, ఇచ్చిన తాళాలు ఎన్ని అన్నదీ రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి చెరొక కాపీ ఉంచుకున్నాం. ఆ అరగంట లేకపోతే వెళ్ళేరోజు ఆ తలుపు వాళ్ళ ఖాతాలోనే రాసేదాన్ని. పైగా నాదే న్యాయం అనుకునేదాన్ని.

అద్దె వసూలు గురించి నా దగ్గర పెద్ద రహస్యాలేం లేవు. ఏ తేదీకి ఇవ్వాలో అగ్రిమెంట్‌లో ఉండాలి. ఇచ్చిన ప్రతిసారీ రశీదు ఇవ్వాలి, సగమే ఇచ్చినా ఇంత అందింది, ఇంత బాకీ అని రాయాలి. తేదీ దాటిన రెండు మూడు రోజుల్లోనే అడగాలి. మొహమాటపడి రెండు నెలలు ఊరుకుని మూడో నెల అరిస్తే, ఆ అరుపులో మన తప్పు కూడా ఉంటుంది. బాకీ పెరిగేకొద్దీ వాళ్ళకి మన ముందుకి రావడం కష్టమవుతుంది, ఫోన్ ఎత్తడం మానేస్తారు. జీతం ఆలస్యమైందని ముందే చెప్పినవాళ్ళకి నేను గడువిస్తాను, ఆ గడువు మెసేజ్‌లో రాసి పంపిస్తాను. నిజంగా ఎగ్గొట్టేవాళ్ళూ ఉంటారు, కాదనను. వాళ్ళకి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి చట్ట ప్రకారమే వెళ్ళాలి. నీళ్ళు ఆపడం, కరెంటు తీసేయడం, వాళ్ళు లేనప్పుడు తాళం మార్చడం లాంటివి చాలా దేశాల్లో నేరం. ఇంట్లో పిల్లలుండగా నీళ్ళు ఆపాలన్న ఆలోచన ఒక మనిషికి ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అద్దె మాత్రం తేదీకి కావాలి, రిపేరు మాత్రం "చూద్దాంలే" అంటామా? పోయినేడాది పైన సింకు కింద నీళ్ళు కారుతున్నాయని మెసేజ్ వచ్చింది. నాలుగు రోజులు ఊరుకున్నాను. ఐదో రోజు వెళ్ళి చూస్తే సింకు కింద గిన్నె పెట్టారు. సెకనుకో బొట్టు పడుతోంది. సెకనుకో బొట్టంటే రోజుకి దాదాపు 20 లీటర్లు. ఆవిడ రాత్రి లేచి గిన్నె పారబోసి మళ్ళీ పెడుతోందట. అయినా అలమర అడుగు చెక్క నాని మెత్తబడింది. పైపు జాయింట్‌లో వాషర్ మార్చడానికి ప్లంబర్‌కి పది నిమిషాలు పట్టింది. ఆ చెక్కని మాత్రం మార్చాల్సి వచ్చింది, దానికైన ఖర్చు వాషర్‌కి ఎన్నో రెట్లు. అప్పటినుంచి ఏడాదికొచ్చే 12 నెలల అద్దెలో ఒక నెలది రిపేర్లకని విడిగా పెడుతున్నాను. నీళ్ళు, కరెంటు విషయమైతే అదే రోజు మనిషిని పంపిస్తాను.

రిపేరుకి వెళ్ళేటప్పుడు కూడా ముందు అడిగి, వాళ్ళు రమ్మన్న టైముకి వెళ్ళాలి. ఇల్లు మనదే కావచ్చు, అక్కడ కాపురం వాళ్ళది. మన దగ్గర ఇంకో తాళం ఉంది కదా అని తలుపు తీసేయకూడదు.

అద్దె పెంచేముందు కాగితం మీద లెక్క వేసుకోండి. 5 శాతం పెంచుతామన్నాం. పాతవాళ్ళు ఇవ్వలేక వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళు దొరికేలోపు ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంది. ఆ పోయిన నెల అద్దె, నెలకి 5 శాతం చొప్పున తిరిగి రావాలంటే 20 నెలలు పడుతుంది. రెండు నెలలు ఖాళీగా ఉంటే 40 నెలలు. టులెట్ బోర్డు, బ్రోకర్ కమీషన్, మళ్ళీ రంగులు, ఇవేవీ ఇందులో కలపలేదు. పన్నులు, ఖర్చులు పెరిగినప్పుడు అద్దె పెంచక తప్పదు, నేనూ పెంచాను. రెండు నెలల ముందు చెప్పి, ఎందుకో వివరించి, వాళ్ళు ఇంతైతే ఇవ్వగలమంటే మధ్యలో ఒక చోట ఒప్పుకున్నాను. వేళకి అద్దె ఇచ్చి, ఇంటిని తమదిలా చూసుకునేవాళ్ళని కొంచెం ఎక్కువ డబ్బు కోసం పోగొట్టుకోవడం నాకు ఏ లెక్కలోనూ లాభంగా కనిపించలేదు.

పై పోర్షన్‌వాళ్ళు ఈ నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారు. సొంత ఇల్లు కట్టుకున్నారు. వాళ్ళ అడ్వాన్స్ ఆ ఖాతాలో ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. దిగిన రోజు రాసుకున్న కాగితం నిన్న బీరువాలోంచి తీసి పెట్టాను. 30వ తేదీ పొద్దున అది పట్టుకుని వాళ్ళతో మళ్ళీ గదులన్నీ తిరగాలి. కరెంటు బిల్లు ఒక్కటి చూసుకుని, లారీ కదలకముందే డబ్బు వాళ్ళ ఖాతాలో వేయాలి.